వంటామె ఎటు పోయింది

కడియపులంకలో, పొద్దున ఏడింటికి,
పచ్చవల కింద మేం పదకొండు మందిమి
మామిడి అంట్లు కట్టడానికి కూర్చుంటాం.
చేతిలో బ్లేడు, ఒళ్లో పాలిథీన్ పట్టీల కట్ట,
నోట్లో మాత్రం రాత్రి సీరియలు.

"కోమాలోంచి లేచిన మనిషికి కాటుకెవరు పెట్టారే?"
అంటుంది పలివెల మాణిక్యం, కొమ్మ చెక్కుతూనే.
"నర్సు పెట్టుంటది. లిప్‌స్టిక్కు డాక్టరుగారు."
అది కరీమున్. బ్లేడు అక్కర్లేదు దానికి.

మేం తిట్టేది ఇష్టం లేక కాదండి.
ఇష్టం లేనిదాన్ని తిట్టే తీరిక ఎవరికుంది?
అన్నం పారేస్తే మన పిల్లాణ్ణి అరుస్తాం గానీ
పక్కింటోణ్ణి అరుస్తామా?

హీరోయిన్ది కోనసీమేనట.
ఒక్కసారైనా "ఆయ్" అనదు.
అమలాపురంలో బస్సెక్కి అరగంటలో వైజాగులో దిగింది.
మీద వాన, వెనకాల అరటాకుల మీద ఎండ.
సరే, పోనీలే అనుకున్నాం.
కానీ మొన్న నర్సరీ సీను తీశారు.
మొగుడి మీద అలిగి అంటు కట్టింది మహాతల్లి,
పట్టీ చుట్టకుండా!
చెక్కిన కొమ్మని గాలికొదిలేసి, ఏడ్చి, వెళ్లిపోయింది.
మర్నాడు మేస్త్రీ వచ్చి చూసేసరికి
ఎవరి చేతిలోనూ పని లేదు.
మంగాయమ్మైతే లేచి నిలబడింది:
"సచ్చిపోద్దే ఆ మొక్క! సాయంత్రానికల్లా వాడిపోద్ది!"
ఆ కోపం మధ్యాన్నం క్యారేజీలు విప్పేదాకా దిగలేదు.

లెక్కల పుస్తకం నా దగ్గరుంటుంది.
ముందు పేజీల్లో ఎవరెన్ని అంట్లు కట్టారో,
వెనక పేజీల్లో సీరియలు తప్పులు, తేదీలతో సహా.
అక్కడే ఒకరోజు రాశాను:
వంటామె కనపడి పద్దెనిమిది రోజులు.

మీకు గుర్తుండదు.
రెండొందల పన్నెండు భాగాల్లో
"కాఫీ అమ్మగారూ" తప్ప ఇంకో మాటివ్వలేదు ఆవిడకి.
అత్తగారు పళ్లెం విసిరిన రోజు మాత్రం
మెతుకులు ఏరుతూ ఏరుతూ ఒక్కసారి పైకి చూసింది.
ఆ చూపు ఎవరైనా రాశారో, తనే చూసిందో.
మా అందరికీ తగిలింది.
తర్వాత ఆమె లేదు.
చావు చూపించలేదు, దండేసిన ఫొటో లేదు,
"ఊరెళ్లింది" అని ఒక్క ముక్క లేదు.
కాఫీలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

"కూలి పెంచమందేమో" అంది మాణిక్యం.
పోయినేడు దాకా మేం పన్నెండు మందిమి.
సీతారత్నం కూర్చునే చోట ఇప్పుడు కొబ్బరిపొట్టు బస్తాలున్నాయి.
ఎవరూ అటు చూడలేదు.

అప్పట్నుంచి వంటామె కథ మేమే నడిపాం.
పేరు పెట్టడానికే ఒక పూట పట్టింది.
చివరికి కరీమున్ చెప్పిన నూకరత్నం నిలిచింది.
ఆ రత్నం ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరూ అడగలేదు.
రావులపాలెం సెంటర్లో దింపి, టిఫిన్ బండి పెట్టించాం.
పెట్టుబడి దగ్గర రెండ్రోజులు గొడవపడ్డాం.
డ్వాక్రా అప్పు చాలదని ఒకరు,
గాజులు మాత్రం అమ్మనివ్వనని ఒకరు.
పెళ్లి చేద్దామంది మాలో చిన్నది, జ్యోతి.
"ఇప్పుడే కదే దానికి ఊపిరాడుతుంది!"
పదిమందీ కలిసి దాని నోరు మూయించారు.
మంగాయమ్మ షరతు ఒకటే,
ఆవిడింక ఎవరికీ కాఫీ ఇవ్వకూడదు.
ఇడ్లీ ఉంది, గారె ఉంది. కాఫీ పక్క కొట్లో తాగండి.

కిందటి శుక్రవారం సీరియలు అయిపోయింది.
విషం పెట్టినోళ్లూ తిన్నోళ్లూ
ఒకే మెట్ల మీద నిలబడి నవ్వారు.
ఆ గుంపులో వెతికాం. లేదు.
పీడా పోయిందంది మాణిక్యం.

శనివారం పచ్చవల కింద బ్లేళ్ల చప్పుడే.
మాటల్లేని చేతులు తెగ వేగంగా కదిలాయి.
మేస్త్రీకి అదెంతో నచ్చింది.
పదింటికి టీలొచ్చాయి.
గ్లాసులోకి చూస్తూ, ఎవరితోనూ కానట్టు, అంది మంగాయమ్మ:
"రాత్రి గాలివానకి నూకరత్నం బండి మీద
పట్టా ఎగిరిపోయిందంట."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
"మరి పిండో?" అంది కరీమున్.